మాట ఉండగానే చెప్పుకోవలసిన సంగతులు

మన ఇండ్లలో ఎవరూ ఎత్తని ఒక సంగతిని ఈ వారము మీ ముందు పెడుతున్నాను. "నా చివరి దినాలలో నన్ను ఇలా చూడండి" అని పెద్దవారు నోరు తెరిస్తే చాలు, "అవేం మాటలు నాన్నా, ప్రభువు నిన్ను నూరేళ్లు ఉంచుతాడు" అని పిల్లలు ఆపేస్తారు. సంఘములో కొందరైతే అది అవిశ్వాసపు మాట అని కూడా అంటారు. పిల్లల ప్రేమను నేను తప్పుపట్టను. కానీ పూర్వపు విశ్వాసులు ఈ విషయములో ఇంత మౌనముగా లేరు.

ఆదికాండము 47వ అధ్యాయము తీసి చూడండి. యాకోబుకు 147 ఏండ్లు. ఐగుప్తుకు వచ్చి 17 ఏండ్లయింది. యోసేపును పిలిపించి, తన తొడక్రింద చెయ్యి పెట్టించుకొని, తనను ఐగుప్తులో పాతిపెట్టకూడదని ప్రమాణము చేయించుకున్నాడు. ఒక్క కొడుకుతో చెప్పి ఊరుకోలేదు. 49వ అధ్యాయములో కుమారులందరినీ పిలిచి, మక్పేలా గుహ ఎక్కడున్నదో, ఎవరి దగ్గర కొన్నదో, అందులో ఎవరెవరిని పాతిపెట్టారో వివరముగా చెప్పాడు. ఇంత వివరము ఎందుకంటారా? పన్నెండుమంది కొడుకులు ఒక మాటమీద నిలవడము ఎంత కష్టమో ఆ తండ్రికి తెలియనిదా!

మార్టిన్ లూథరు 1519లో మరణమునకు సిద్ధపడుటను గూర్చి ఒక ప్రసంగము వ్రాసి అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. సాక్సనీ ప్రభువు ఆస్థానములోని ఒక అధికారి కోరిక మీద వ్రాశాడు. అందులో మొదటి సంగతి పరలోకము కాదు, ఆస్తిపాస్తులు! వెనుక ఉన్నవారు తగాదా పడకుండా వాటిని ముందే సర్దుకొమ్మన్నాడు. తరువాత క్షమించుట, క్షమాపణ అడుగుట. ఆ తరువాతే దేవునివైపు చూపు త్రిప్పమన్నాడు. మరణము దూరముగా ఉన్నప్పుడే దానిని తలపోయాలి గాని, అది గుమ్మములోకి వచ్చాక కాదని ఆయన ఉద్దేశము.

అయితే యాకోబుకు గాని లూథరుకు గాని లేని చిక్కు మనకు ఒకటి వచ్చింది. వారి కాలములో ఊపిరి ఆగితే ఆగినట్లే. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, ఊపిరి తీయలేని రోగుల గొంతులో గొట్టము పెట్టి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు చేతితో రబ్బరు సంచి నొక్కుతూ గాలి అందించారు. ఎందరో బ్రతికారు. నేటి వెంటిలేటరు, ఐ.సి.యు. అక్కడినుండి వచ్చినవే. వాటికొరకు దేవుని స్తుతించాలి. కానీ కోలుకోగల మనిషికి ప్రాణము నిలిపే ఆ యంత్రమే, ఇక కోలుకోలేని శరీరానికి మరణాన్ని సాగదీస్తుంది. ఎక్కడ ఆపాలో యంత్రానికి తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి.

అమెరికాలో కేరన్ ఆన్ క్విన్లన్ అనే యువతి 1975లో 21 ఏండ్ల వయస్సులో స్పృహ కోల్పోయింది. భక్తిగల ఆమె తల్లిదండ్రులు తమ సంఘపు గురువును సంప్రదించి, వెంటిలేటరు తీయమని అడిగితే ఆసుపత్రి ఒప్పుకోలేదు. 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షముగా తీర్పు చెప్పింది. యంత్రము తీశాక ఆమె తనంతట తానే ఊపిరి తీసుకుంటూ 1985 వరకు జీవించింది. గమనించండి, యంత్రము తీయడము, ప్రాణము తీయడము ఒకటి కాదు. నిర్గమకాండము 20:13ను ఇందులోకి తెచ్చి భయపెట్టేవారు ఈ తేడా చూడరు.

సరే, యంత్రము వద్దంటే ఇక చేసేదేమీ లేదా? లండనులో సిసిలీ సాండర్స్ అనే విశ్వాసురాలు దీనికి జవాబు చూపింది. ఆమె మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు చూచే ఉద్యోగిని. 1948లో డేవిడ్ టాస్మా అనే యూదు శరణార్థి క్యాన్సరుతో చనిపోతూ, ఆమె కట్టబోయే ఇంటిలో ఒక కిటికీగా ఉంటానని 500 పౌండ్లు వ్రాసి ఇచ్చాడు. ఆ కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి ఆమెకు 19 ఏండ్లు పట్టింది. నడుమ తానే చదివి 1957లో డాక్టరయింది. నొప్పి పుట్టాక కాదు, నొప్పి తిరిగి రాకముందే వేళప్రకారము మార్ఫిన్ ఇవ్వాలని నేర్పింది. శరీరపు నొప్పితోపాటు మనస్సు, కుటుంబము, ఆత్మ పడే వేదనను కూడా చూడాలన్నది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకుంది. 2005లో ఆమె చివరి శ్వాస విడిచింది కూడా అక్కడే.

మన దేశములో 1985 మాదకద్రవ్యాల చట్టము కారణముగా మార్ఫిన్ దొరకడము చాలా కష్టమయింది. 2014లో దానిని సవరించారు. ఈలోగా 1993లో కోళికోడులో డాక్టర్ రాజగోపాల్, ఆయన సహచరులు ప్రారంభించిన సేవ కేరళ అంతటా ఇల్లిల్లు తిరిగింది. దీనినే పాలియేటివ్ కేర్, ఉపశమన చికిత్స అంటారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో కూడా ఈ విభాగము ఉంది.

ఇక న్యాయస్థానపు సంగతి. ముంబయిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో దాడికి గురై, 2015లో చనిపోయేవరకు 42 ఏండ్లు మంచముమీదనే ఉంది. ఆమెను పోనివ్వండి అని ఒక రచయిత్రి, మేము చూసుకుంటాము అని ఆమె తోటి నర్సులు. ఇరువైపులా ప్రేమే! 2011లో సుప్రీంకోర్టు నర్సుల మాటే విన్నది. అరుణ మనస్సులో ఏమున్నదో మాత్రము ఎవరికీ తెలియదు. మన ఇండ్లలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో "ఎంత ఖర్చయినా అన్నీ చేయించండి" అంటాడు. మూడేండ్లుగా అమ్మకు స్నానము చేయించిన కూతురు "ఇక చాలు" అంటుంది. అమ్మ మాట ఒక్కటి ఉంటే ఆ అన్నాచెల్లెళ్లు జీవితాంతము మాట్లాడుకుంటారు.

ఆ మాటకు 2018 మార్చి 9న సుప్రీంకోర్టు విలువనిచ్చింది. దానినే లివింగ్ విల్ అంటారు. మొదట మేజిస్ట్రేటు సంతకము కావాలన్నారు గనుక చేయించినవారు అరుదు. 2023 జనవరి 24న సులభము చేశారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. మీ తరఫున మాట్లాడవలసినవారి పేర్లు అందులో ఉండాలి. మనస్సు మారితే ఎప్పుడైనా వ్రాతపూర్వకముగా మార్చుకోవచ్చు. అది వ్రాసినంత మాత్రాన ఎవరూ మీకు మందు ఆపరు. మీరు చెప్పుకోలేని స్థితిలో, కోలుకునే ఆశ లేదని రెండు వైద్య బృందాలు తేల్చితేనే అది పనిచేస్తుంది. ప్రాణము తీసే సూది మన చట్టములో నేటికీ నేరమే.

ఈ ఆదివారము భోజనమయ్యాక పిల్లలను కూర్చోబెట్టండి. వెంటిలేటరు, గుండె ఆగితే ఛాతీ నొక్కడము, ముక్కు గొట్టముతో ఆహారము, డయాలసిస్ — ఇవి ఏ స్థితిలో కావాలో, ఏ స్థితిలో వద్దో చెప్పండి. ఇంటిలోనా, ఆసుపత్రిలోనా అన్నదీ చెప్పండి. కాగితము వ్రాయించాక దానిని ఇంటి పత్రాలతో కలిపి బీరువాలో పెట్టి తాళము వేయకండి. ఒక ప్రతి మీరు పేరు వ్రాసినవారి చేతిలో, ఒకటి మిమ్మల్ని చూచే డాక్టరు దగ్గర ఉండాలి. మీ పాస్టరుగారికి కూడా చెప్పి ఉంచండి, ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మీ పిల్లల ప్రక్కన నిలబడేది ఆయనే.