హాక్స్‌మూర్ వాస్తురచన: కర్తృత్వ సమస్య

క్రీడాభిరామ కర్తృత్వమును గూర్చి వాదించిన మనకు ఆంగ్ల వాస్తుశిల్పి నికొలస్ హాక్స్‌మూర్ (సు. 1661–1736) విషయమందలి చిక్కు క్రొత్తది కాదు. ఈ రైతుబిడ్డ సుమారు 18 ఏండ్ల ప్రాయమున క్రిస్టఫర్ రెన్ కడ లేఖకుడుగా చేరి, లండనులోని సెయింట్ పాల్ మహాదేవాలయమునకు పటములు గీయుచు విద్య నేర్చెను. ఇటలీని చూడకయే రోమక కట్టడములను ముద్రితచిత్రముల వలన గ్రహించెను. పిదప కాసిల్ హోవార్డు, బ్లెన్‌హైమ్ సౌధముల నిర్మాణమున వాన్‌బ్రాకు కుడిభుజమయ్యెను. వాన్‌బ్రా నాటకకర్త, వాస్తువిద్యలో శిక్షణ లేనివాడు. అయినను కీర్తి యాతనికే దక్కినది.

శిష్యుని హస్తమును వేరుపరచి చూడవలెనన్న 1711 నాటి చట్టమువలన లండనున వెలసిన చర్చీలే శరణ్యము. ఏబది తలపెట్టిరి, కట్టినవి కొలదియే, అందు ఆరు ఇతని స్వతంత్రరచనలు. స్పిటల్‌ఫీల్డ్స్ క్రైస్ట్ చర్చిలో (1714–1729) రెన్ లాలిత్యము కానరాదు. తెల్లని రాతి బరువును, లోతైన నీడలును తోచును. 1718లో రాజోద్యోగము పోయినను ఇతడీ పనిని విడువలేదు. 1723లో గురువు మరణించునాటికి ఆ చర్చి యింకను అసంపూర్ణముగనే యుండెను.