ఏడో తరగతిలోనూ తలుపు తీశారు

1963లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్ ఊళ్ళో కొందరు ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు ఒకచోట చేరారు. మాంట్రియల్‌కి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నది అవతలి ఒడ్డున ఉన్న ఊరది. చుట్టూ ఉన్నది ఫ్రెంచి సమాజం. పిల్లలు ఏళ్ళ తరబడి బళ్ళో ఫ్రెంచి పాఠాలు చదువుతున్నా వీధిలో నాలుగు మాటలు మాట్లాడలేకపోతున్నారు. ఫ్రెంచిని ఒక సబ్జెక్టుగా కాక చదువంతా ఫ్రెంచిలోనే చెప్పండని వాళ్ళు పట్టుబట్టారు. స్కూలు బోర్డు మొదట ఒప్పుకోలేదు. చివరికి 1965 సెప్టెంబరులో ప్రయోగంగా ఒక కిండర్‌గార్టెన్ తరగతి మొదలైంది. అలా పుట్టింది ఫ్రెంచి ఇమ్మర్షన్.

ఆ తల్లిదండ్రులకు మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు అండగా నిలిచారు. ఒకరు మనస్తత్వవేత్త వాలెస్ లాంబర్ట్. ఆయన ఎలిజబెత్ పీల్‌తో కలిసి 1962లోనే రెండు భాషలు తెలిసిన పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడరని, పైగా ముందుంటారని చూపించాడు. రెండో ఆయన మెదడు శస్త్రచికిత్సలో పేరుమోసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్. తొమ్మిది, పదేళ్ళు దాటాక భాషను పట్టుకునే శక్తి మెదడులో తగ్గిపోతుందని ఆయన గట్టిగా నమ్మాడు.

ఇమ్మర్షన్ అంటే చిన్నప్పుడే మొదలుపెట్టాలన్న పట్టుదలకు ఆ నమ్మకం బలమిచ్చింది. కిండర్‌గార్టెన్‌లోనో ఒకటో తరగతిలోనో చేరకపోతే ఇక అంతే అన్నది చాలాచోట్ల రివాజైంది. దీనికి ఇంకో కారణమూ ఉంది. మూడేళ్ళుగా ఫ్రెంచిలో లెక్కలు, సైన్సు చదువుతున్న తరగతిలోకి ఫ్రెంచి ముక్క రాని పిల్లను పంపితే టీచరు ఎవరి కోసం ఆగాలి? ఆ ఇబ్బంది నిజమైనదే. కానీ నష్టం రెండో వైపూ ఉంది. ఏటా కొందరు మానేస్తారు, వాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళు రారు. పైతరగతులు పలచబడతాయి. ఆలస్యంగా ఆ ఊరు చేరిన కుటుంబానికి దారే ఉండదు.

దీనికి మాంట్రియల్ ప్రాంతమే ఒక ఉపాయం కనిపెట్టింది. 1960ల చివరిలో ఏడో తరగతి నుంచి మొదలయ్యే ఇమ్మర్షన్ పెట్టారు. పెద్ద పిల్లల్ని పాత తరగతిలోకి తోయకుండా, అందరూ కొత్తవాళ్ళే ఉండే తరగతిలో కూర్చోబెట్టి ఏడాది, రెండేళ్ళ పాటు దాదాపు పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పారు. ఫలితాలను పరిశీలించిన పరిశోధకుడు ఫ్రెడ్ జెనెసీ, ఈ పిల్లలు చాలా పరీక్షల్లో కిండర్‌గార్టెన్ నుంచి చదివినవాళ్ళకు దగ్గరగా వచ్చారని గమనించాడు. పన్నెండేళ్ళ పిల్లకు చదవడం, రాయడం, తర్కించడం అప్పటికే వచ్చు కదా! కోరి చేరినవాళ్ళు కావడంతో పట్టుదలా ఎక్కువే. అయితే మాట్లాడడంలో, విని అర్థం చేసుకోవడంలో చిన్ననాడే మొదలుపెట్టినవాళ్ళదే పైచేయి అని వేరే అధ్యయనాలు చెప్పాయి. అంటే పెన్‌ఫీల్డ్ మాటలో కొంత నిజముంది, కానీ తలుపు మూసేయడానికి అది చాలదు.

మధ్య తరగతుల్లో వచ్చేవాళ్ళ సంగతి బ్రిటన్‌లోని వేల్స్ ఇంకా బాగా చూసింది. అక్కడి వెల్ష్ భాష బలంగా ఉన్న గ్వినెద్ ప్రాంతంలో 1980ల నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. ఇంగ్లండు నుంచి ఎనిమిదేళ్ళ పిల్ల వస్తే కొన్ని వారాలు అక్కడ చిన్న బృందంలో వెల్ష్ ముమ్మరంగా నేర్పి, ఆ తర్వాత మామూలు బడికి పంపుతారు. 2021లో వేల్స్ ప్రభుత్వం ఇలాంటి కేంద్రాలకు 22 లక్షల పౌండ్లు కేటాయించింది.

నా ఉద్దేశంలో ఏ తరగతిలోనైనా చేర్చుకోవాలి, కానీ ముందు ఆ పిల్లకు భాష నేర్పి చేర్చుకోవాలి. ఆ ఏర్పాటు లేకుండా తీసుకోవడం పిల్లకు అన్యాయం, ఆ సాకుతో కాదనడమూ అన్యాయమే. నాలుగో తరగతో ఆరో తరగతో చదువుతున్న పిల్లలతో కెనడా వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఒకటో తరగతిలో చేరలేదు కదా అని ఫ్రెంచిని వదులుకోకండి. కొన్ని స్కూలు బోర్డుల్లో నాలుగులోనో, ఆరు, ఏడుల్లోనో మరో ప్రవేశం ఉంటుంది. వెళ్ళగానే అడగండి.