క్యాన్సర్ రోగనిరోధక చికిత్సలో పేగు సూక్ష్మజీవుల పాత్ర

క్యాన్సర్ కణాలను మందుతో నేరుగా చంపక, రోగి శరీరంలోని రక్షణ కణాలనే వాటిపైకి పురికొల్పే విధానాన్ని రోగనిరోధక చికిత్స లేదా ఇమ్యూనోథెరపీ అంటారు. ఈ చికిత్స ఫలించడంలోనూ, విఫలం కావడంలోనూ రోగి పేగులలోని సూక్ష్మజీవులకు కొంత పాత్ర ఉన్నదని గత పదేళ్ల పరిశోధనలు సూచిస్తున్నాయి. పావగడ తాలూకా పల్లెల నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు వెళ్లి, సూది మందు వేయించుకుని ఇంటికి తిరిగివచ్చే కుటుంబాలు ఈ విషయం తెలుసుకోవలసి ఉన్నది. రోగి ఆస్పత్రిలో ఉండేది ఒకటి రెండు రోజులే. మిగిలిన దినాలలో అతని పేగుల మంచిచెడ్డలు ఇంటి వంటపైనా, ఊరి మందుల అంగడిపైనా ఆధారపడి ఉంటాయి.

చికిత్స పనిచేసే తీరు

రక్తంలోని టి కణాలు శరీరానికి కావలివారు. అవి హద్దుమీరి సొంత అవయవాలపై పడకుండా ప్రకృతి వాటికి పగ్గాలు వేసింది. క్యాన్సర్ గడ్డ ఆ పగ్గాలనే బిగించి తనను తాను కాపాడుకుంటుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు వాటిని సడలిస్తాయి. ఈ మార్గాన్ని చూపిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కు, జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ మందులు మిక్కిలి ఖరీదైనవి. అయితే ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిపై జరిపిన పరిశోధన 2022లో వెలువడింది. నివోలుమాబ్‌ను సాధారణంగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇస్తారు. ఇక్కడ మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇతర మందులతో కలిపి ఇచ్చారు. ఏడాది తరువాత జీవించి ఉన్నవారు, ఆ ఇతర మందులు మాత్రమే పొందినవారిలో 16 శాతం కాగా, నివోలుమాబ్ కూడా పొందినవారిలో 43 శాతం.

పేగులతో సంబంధమేమి?

మన దేహంలోని సూక్ష్మజీవుల సంఖ్య మన కణాల సంఖ్యకు దాదాపు సమానం. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే నివసిస్తుంది. మనకు అరగని పీచును ఆహారంగా తీసుకుని, పేగు గోడకు మేలుచేసే ఆమ్లాలను అవి తయారుచేస్తాయి. రక్షణ కణాలకు తర్ఫీదునిచ్చేదీ అవే.

పేగు సూక్ష్మజీవులను బట్టి ఈ మందుల ప్రభావం మారుతున్నదని 2015లో ఎలుకలపై జరిగిన రెండు పరిశోధనలు చూపాయి. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 249 మంది రోగులను పరిశీలించారు. చికిత్స ఆరంభానికి కొద్ది ముందుగానీ వెనుకగానీ యాంటీబయాటిక్ మందులు వాడిన 69 మందిలో ఫలితం తక్కువగా కనిపించింది. అట్లని వైద్యుడు అవసరమై వ్రాసిన యాంటీబయాటిక్‌ను మానరాదు. సోకిన జబ్బును వదలివేస్తే ప్రాణానికే ముప్పు. మానవలసినది జలుబుకూ, ఒళ్లునొప్పులకూ అంగడిలో అడిగి కొనే యాంటీబయాటిక్‌ను.

2021లో మరొక అడుగు పడింది. చికిత్స ఫలించిన రోగుల మలంలోని సూక్ష్మజీవులను, ఫలించని చర్మ క్యాన్సర్ రోగుల పేగులలోకి పంపి మందు మళ్లీ ఇచ్చారు. అమెరికాలో 15 మందిలో 6 గురికి, ఇజ్రాయెల్‌లో 10 మందిలో ముగ్గురికి మేలు కనిపించింది.

ప్రోబయాటిక్ గుళికలు వాడవచ్చునా?

మేలుచేసే సూక్ష్మజీవులను ప్రాణంతోనే నింపిన గుళికలు, పొడులు ప్రోబయాటిక్‌లు. మంచి సూక్ష్మజీవులు మేలు చేయునవి కదా, గుళిక మింగితే సరిపోదా అన్న ఆలోచన సహజం. కానీ 2021 డిసెంబరులో వెలువడిన అమెరికా పరిశోధన వేరొక మాట చెప్పింది. చర్మ క్యాన్సర్ రోగులలో రోజుకు 20 గ్రాములు లేదా అంతకు మించి పీచు తిన్నవారిలో వ్యాధి ఎక్కువకాలం అదుపులో ఉన్నది. గుళికలు వాడినందువల్ల చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. అవి ఇచ్చిన ఎలుకలలోనైతే చికిత్స ప్రభావం తగ్గింది.

దీనికి భిన్నంగా, జపాన్‌లో చిరకాలంగా వాడుకలో ఉన్న ఒక ప్రత్యేక సూక్ష్మజీవి మూత్రపిండాల క్యాన్సర్ రోగులకు తోడ్పడినట్లు 2022లో అమెరికా వైద్యులు ప్రకటించారు. అది సుమారు 30 మందిపై జరిగిన చిన్న పరీక్ష. ఒక జాతి సూక్ష్మజీవి చేసిన మేలు అంగడిలోని ప్రతి గుళికా చేస్తుందని అనుకోరాదు. తెల్లకణాలు బాగా తగ్గిన రోగులలో గుళికలోని జీవులే రక్తంలో చేరి జబ్బు కలిగించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రాగి ముద్ద, మజ్జిగ

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు ఉన్నది. తెల్లబియ్యంలో అది 3 గ్రాములకు లోపే. రాగి ముద్ద, ఉలవలు, అలసందలు, అనప గింజలు, ఆకుకూరలు తినే ఇంటికి పీచు కొని తెచ్చుకోనక్కరలేదు. రోగి వచ్చాడని ముద్ద మాన్పించి తెల్లన్నం, బ్రెడ్డు పెట్టడం మన వాడుక. వైద్యుడు వద్దననంతవరకు దాని అవసరం లేదు. గొంతు మ్రింగుడు పడనివారు, పేగు శస్త్రచికిత్స జరిగినవారు మాత్రం వైద్యుని అడిగి తినాలి. కాచిన పాలతో తోడుపెట్టిన మజ్జిగ ఆహారమే గాని మందు కాదు. తెల్లకణాలు తగ్గినప్పుడు దానిని కూడా అడిగి తీసుకోవాలి.

విరేచనాల విషయంలో జాగ్రత్త

పగ్గాలు సడలిన టి కణాలు ఒక్కొక్కప్పుడు పేగుపైనే పడి వాపు కలిగిస్తాయి. మందు ఆపిన కొన్ని నెలలకు సైతం ఇట్లు జరుగవచ్చును. విరేచనాలు, కడుపునొప్పి, మలంలో రక్తం దీని గుర్తులు. చూడడానికి మామూలు అజీర్తివలెనే ఉంటుంది గనుక, ఊరిలో యాంటీబయాటిక్ మాత్రతో పాటు ఒక ప్రోబయాటిక్ గుళిక ఇచ్చి పంపడం కద్దు. దానితో ఈ వాపు తగ్గదు. దీనికి తరచుగా స్టీరాయిడ్ చికిత్స కావలసివస్తుంది. ఆలస్యమైతే పేగుకు చిల్లు పడే ప్రమాదం కూడా ఉన్నది. మామూలుకన్నా ఎక్కువసార్లు విరేచనమైతే ఆ రోజే క్యాన్సర్ వైద్యునికి ఫోను చేయాలి.

ఆస్పత్రి చీటీ నకలు ఒకటి రోగి దగ్గర ఎల్లప్పుడూ ఉండాలి. బెంగళూరు చేరేలోగా మడకశిరలోనో, హిందూపురంలోనో, పావగడలోనో ఏ వైద్యుని చూడవలసివచ్చినా, ఇమ్యూనోథెరపీ జరుగుతున్నదన్న మాటను మొదట చెప్పాలి.