పార్కిన్సన్స్: కపాలం కోయకుండానే మెదడుకు సర్జరీ.. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌తో వణుకు ఎలా తగ్గుతుంది?

ఒళ్లో పెట్టుకున్న చెయ్యి దానంతటదే వణుకుతుంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే పది నిమిషాలు పడుతుంది. నడుద్దామంటే అడుగు ముందుకు పడదు. చాలా ఇళ్లల్లో దీన్ని ‘వయసు మీద పడింది’ అని వదిలేస్తుంటారు. కానీ అది పార్కిన్సన్స్ కావచ్చు.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోవడమే ఈ జబ్బుకు మూలం. లెవోడోపా మాత్రలే ఇప్పటికీ ప్రధాన చికిత్స. మందులు వాడినా వణుకు ఆగని కొందరికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ ఒక దారి.

ఎలా చేస్తారు?

ముందుగా జుట్టు పూర్తిగా తీసేసి, తల కదలకుండా ఫ్రేమ్ బిగిస్తారు. 1,024 చోట్ల నుంచి ధ్వని తరంగాలు పంపే హెల్మెట్ లాంటి పరికరం తొడిగి, ఎంఆర్‌ఐలోకి పంపిస్తారు. కపాలం వేడెక్కకుండా చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. భూతద్దం ఎండను ఒక్క చుక్క మీదకు తెచ్చినట్టు, ఈ తరంగాలన్నీ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అక్కడ మాత్రమే వేడి పుడుతుంది.

పేషెంట్ మెలకువగానే ఉంటారు. మొదట తక్కువ వేడితో పరీక్షించి, కాగితం మీద చుట్టలు గీయమంటారు. వణుకు తగ్గి, మాట తడబడకపోతేనే వేడిని 55 డిగ్రీల సెల్సియస్ దాటిస్తారు. దాంతో వణుకుకు కారణమయ్యే ఆ చిన్న భాగం శాశ్వతంగా పనిచేయకుండా పోతుంది. మెదడు ఎడమవైపు చేస్తే కుడి చేతికి, కుడివైపు చేస్తే ఎడమ చేతికి ఫలితం కనిపిస్తుంది.

జబ్బు నయమవుతుందా?

నయం కాదు. తగ్గేది లక్షణాలే. మందులు కొనసాగించాల్సి రావచ్చు. కొందరిలో వణుకు మళ్లీ రావచ్చు. తిమ్మిర్లు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం లాంటి ఇబ్బందులు ఉండొచ్చు. చాలామందిలో అవి తగ్గిపోతాయి, కొందరిలో మిగిలిపోతాయి.

డీబీఎస్ సర్జరీలో కపాలానికి రంధ్రం చేసి ఎలక్ట్రోడ్లు పెడతారు. కానీ దాని కరెంటును తర్వాత మార్చుకోవచ్చు, ఆపేయొచ్చు. అల్ట్రాసౌండ్‌తో చేసింది మాత్రం వెనక్కి తీసుకోలేం. నిర్ణయానికి ముందు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే.

ఎవరికి కుదరదు?

ఎంఆర్‌ఐకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నవారికి, కపాలం ఎముక తరంగాలను సరిగా లోపలికి పోనివ్వనివారికి ఇది చేయరు. ఎముక సంగతి సీటీ స్కాన్‌లో తెలుస్తుంది.

అమెరికా ఎఫ్‌డీఏ పార్కిన్సన్స్ వణుకుకు 2018లో, బిగుతు, కదలికల సమస్యలకు 2021లో దీన్ని అనుమతించింది. దక్షిణాదిన కోయంబత్తూరు రాయల్ కేర్ ఆసుపత్రిలో ఈ చికిత్స ఉంది.

ముందు ఎక్కడికి వెళ్లాలి?

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ వచ్చే కుటుంబాలు ముందు కలవాల్సింది న్యూరాలజిస్టునే. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. వణుకు ఎలా ఉందో ఫోన్‌లో వీడియో తీసి, ఏ మాత్ర ఏ టైంకు వేసుకుంటున్నారో రాసుకుని వెళ్తే డాక్టర్‌కు పని సులువవుతుంది. మాత్రలు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. చికిత్సపై డాక్టర్ సలహా తప్పనిసరి.