సరళాకృతుల చుట్టుకొలత

చుట్టుకొలత యనగా సమతలమందలి సంవృతాకృతిని ఆవరించియున్న సరిహద్దురేఖయొక్క మొత్తము పొడవు. ఆ సరిహద్దుపై ఏదేని యొక బిందువున బయలుదేరి, వెనుకకు మరలక, ఏ భాగమును విడువక, తిరిగి ఆ బిందువునకే చేరువరకు నడచిన దూరమే యిది గనుక, దీనిని సెంటీమీటరు, మీటరు మొదలగు మానములతో చెప్పవలెనేకాని చదరపు మానములతో చెప్పరాదు. వృత్తమునకు దీనినే పరిధి యందురు.

త్రిభుజమునకు మూడు భుజముల మొత్తమును, చతురస్రమునకు భుజమునకు నాలుగు రెట్లును, దీర్ఘచతురస్రమునకు పొడవు వెడల్పుల మొత్తమునకు రెండు రెట్లును చుట్టుకొలత యగును. వీనిని వేర్వేరు సూత్రములుగా కంఠస్థము చేయించుట బడులలో ఆచారమైయున్నది; అయినను ఇన్నిటియందును ఉన్నది కూడిక యొక్కటే. సరిహద్దులో ఏ భుజములు చేరునో, ఏవి చేరవో గుర్తించుటయందే విద్యార్థికి అసలు శ్రమ గలదు. 5 సెంటీమీటర్ల భుజముగల రెండు చతురస్రములను పక్కపక్కన అతికించినచో, కలిసిన భుజములు రెండును లోపలికి పోవును గనుక, చుట్టుకొలత 40 కాక 30 సెంటీమీటర్లే యగును.

తపతీతీరమందలి సూరత్ నగరమున, మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబములు పెక్కు గలవు. అచ్చటి నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక శిక్షణ సమితి, గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను బడులు నడుపుచున్నది. మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన ఆ పిల్లలకు ఈ పాఠమునకు ఉదాహరణములు దూరముగా వెదకవలసిన పనిలేదు. రెండున్నర మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల దుపట్టాకు నాలుగంచులను లేసు కుట్టవలెనన్న 7 మీటర్ల లేసు పట్టును. అట్టి దుపట్టాలు ఇరువదియైదింటికి 175 మీటర్లు. చీర లెక్క వేరు. ఐదున్నర మీటర్ల పొడవు, 1.1 మీటరు వెడల్పుగల చీర చుట్టుకొలత 13.2 మీటర్లే యైనను, నడుమున దోపుకొను చివర కంటికి కనబడదు గనుక అచ్చట లేసు కుట్టనక్కరలేదు; రెండు నిలువుటంచులకును పైటకొంగునకును కలిపి 12.1 మీటర్లు చాలును. సూత్రమును గుడ్డిగా ప్రయోగించినవానికి ప్రతి చీరకును 1.1 మీటరు లేసు వృథా యగును.

ఇంకొక సూక్ష్మము గలదు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పుగల లేసును గుడ్డయంచునకు వెలుపలివైపున చేర్చి, మూలలయందు తెగకుండ మడచి కుట్టినయెడల, లేసు బయటియంచు గుడ్డయంచుకంటె పొడవైనదగును. ఒక్కొక్క భుజము రెండు కొనలయందును నాలుగేసి సెంటీమీటర్లు పెరుగును గనుక నాలుగు భుజములకును కలిపి 32 సెంటీమీటర్లు అధికమగును. దుపట్టాకు 7 మీటర్లకు మారుగా 7.32 మీటర్లు కావలెను. చేతిరుమాలైనను శామియానా యైనను ఈ అధికభాగము ఆ 32 సెంటీమీటర్లే; గుడ్డ పరిమాణముతో దానికి సంబంధము లేదు. పాఠ్యపుస్తకములలో తోటచుట్టు బాటయని వచ్చు లెక్క ఇదియే.

దీర్ఘచతురస్రపు మూలనుండి చిన్న దీర్ఘచతురస్రమును కత్తిరించి తీసివేసినను చుట్టుకొలత మారదు. పోయిన రెండు భుజముల పొడవును క్రొత్తగా వచ్చిన రెండు భుజములు పూరించును. అదే కత్తిరింపు భుజము నడుమ చేసినచో, లోతునకు రెండు రెట్లు పెరుగును. గుడ్డ తగ్గుచుండగా చుట్టుకొలత పెరుగుట బాలురకు వింతగా తోచును. వైశాల్యమును చుట్టుకొలతను ఒకటిగా తలచుట పెద్దలకును లేకపోలేదు: 40 మీటర్ల కంచెతో 10 మీటర్ల చతురస్రమును చుట్టినచో 100 చదరపు మీటర్లు వచ్చును, 19 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల పట్టీని చుట్టినచో 19 మాత్రమే. చుట్టుకొలత 48 స్టేడియములే (స్టేడియము గ్రీకుల దూరమానము) యైన స్పార్టా, 50 స్టేడియములుగల మెగలోపొలిస్ నగరముకంటె రెండింతలు పెద్దదనిన నమ్మలేనివారిని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ ఎత్తిపొడిచెను. ఒకదానివెలుపల నొకటిగా రెండు ప్రాకారములు పొందిన పాత సూరత్ నగరమును గూర్చి యోచించువారికిని ఈ హెచ్చరిక వర్తించును.

వృత్తపరిధి భారతీయ గణితమున చిరకాలముగా విచారింపబడిన విషయము. 20,000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62,832 అని, అదియును ఆసన్నమానమేయని, ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథమున చెప్పెను. అనగా నిష్పత్తి 3.1416. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుడు స్థూలముగా 3ను, సూక్ష్మముగా 10 యొక్క వర్గమూలమును గ్రహించెను. అతని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చుటచే క్షేత్రగణితము మన భాషకు తొలినాళ్లలోనే అలవడినది. నేటి బడులలో వాడు 22/7 అనునది ఆర్యభటుని విలువకంటె ముతకదియే యైనను, వ్యాసము ఏడుచే భాగింపబడునపుడు లెక్క తేలికయగుటచే నిలిచిపోయినది.

అర్ధవృత్తమే ఈ పాఠమునందలి గట్టి పరీక్ష. 7 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల కోణమానిని చుట్టుకొలత నడిగినచో, పెక్కురు వృత్తపరిధియగు 44ను సగముచేసి 22 అని వ్రాసి, అడుగునున్న సరళరేఖను మరతురు. దారమును ఆ కోణమానిని అంచున చుట్టి, విప్పి, స్కేలుపై పరచి చూపిన ఉపాధ్యాయుని తరగతిలో ఈ తప్పు అరుదు. ఆ 14 సెంటీమీటర్ల వ్యాసమును గూడ కలుపగా వచ్చు 36 సెంటీమీటర్లే సరియైన సమాధానము.