కంపెనీ ఇవ్వని క్యారియర్

సైకిల్ చరిత్ర రాసేవాళ్లు ఫ్యాక్టరీలతో మొదలెడతారు: 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. తల్లాడలో మా ఇంటి సైకిల్ చరిత్ర విరిగిన ఇనప మంచంతో మొదలైంది.

కంపెనీ క్యారియర్ ఒక మనిషికో, టిఫిన్ డబ్బాకో సరిపోద్ది. వైరా నుంచి చేపల గంపలు తెచ్చే మా తాతకి అదెక్కడ చాలుద్ది? మంచం పట్టీలు కోయించి, వెడల్పు పెంచి, కాళ్లను వెనక చక్రం ఇరుసుకే బిగించాడు. కిటుకంతా అక్కడే. బరువు మడ్‌గార్డు మీద కాదు, ఇరుసు మీద పడాలి. పైన చెక్క, కట్టడానికి లారీ ట్యూబు కోసిన పట్టీలు. (తాడు జారుద్ది, ట్యూబు జారదు.)

ఇదంతా మా ఊరి తెలివే అనుకునేవాణ్ణి. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం జనం కూడా సైకిళ్లకు వెదురు బొంగులు కట్టి, ఒక్కోదాని మీద 200 కిలోలకు పైగా సరుకు తోసుకెళ్లారట. ఆ సైకిళ్లు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి.

2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడితే పేపర్లన్నీ రాశాయి. తాత క్యారియర్ని అంతకు చాలా ముందే పాత ఇనపసామాన్ల కొట్టులో తూకానికేశాం. మోసుకెళ్లింది నేనే. కాళ్లు అప్పటికీ వంగలేదు.