లిమిటెడ్ ఎడిషన్ బొమ్మలు - విజయపురి పాఠం

మొన్నామధ్య విజయపురి సౌత్‌లో లాంచీ కోసం ఎదురుచూస్తుంటే మా ఆఫీసు మిత్రుడికి ఓ ఐడియా వచ్చింది. నాగార్జునకొండ మ్యూజియంలో ఉన్న శిల్పాలకి చిన్న నమూనాలు రెజిన్‌తో పోయించి, ఒక్కోదానికీ నంబరు వేసి, రెండొందలే అమ్ముదామని. "రెండొందలే కదరా, ఎంతసేపు!" అన్నాడు. ప్లాటు కోసం దాచుకున్న డబ్బు పెట్టడానికి కూడా సిద్ధమైపోయాడు.

నిజానికి శిల్పాల వ్యాపారం ఆ నీళ్ళ అడుగున ఉన్న ఊరికి కొత్తేమీ కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. పల్నాటి సున్నపురాయి చేతిలోనే ఉంది, చెక్కే శిల్పులున్నారు. మరి డబ్బెవరిది? ఎక్కువగా రాజకుటుంబపు స్త్రీలది. వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో అతని మేనత్త చాంతిసిరి మహాచైత్యం పని చేయించింది. బోధిసిరి లాంటి ఉపాసికలూ ఉన్నారుగానీ, పెద్ద కస్టమర్లు కొద్దిమందే. 4వ శతాబ్దం మొదట్లో ఆ వంశం పోయింది. అక్కడ మళ్ళీ ఆ స్థాయి పని జరగలేదు. శిల్పులకి పనితనం తగ్గి కాదు, చేయించేవాళ్ళు లేక అని నా ఉద్దేశం.

వాళ్ళ దగ్గర ఇంకో తెలివైన ఏర్పాటుంది. అసలు కదపకుండా వడ్డీతో మరమ్మతులు జరిగేట్టు శ్రేణుల దగ్గర 'అక్షయనీవి' అని నిధి ఉంచేవారు. ఆ శ్రేణుల్లో తమలపాకులవాళ్ళు, పిండివంటలవాళ్ళు కూడా ఉన్నారు! మన భాషలో చెప్పాలంటే మెయింటెనెన్స్ బడ్జెట్ అన్నమాట. మావాడి లెక్కలో ఆ కాలమే లేదు.

ఇక ఆ లెక్కలు. మూల బొమ్మకీ, అచ్చులకీ నలభై వేలు అనుకుందాం. రెండొందలూ అమ్ముడైతే బొమ్మకి రెండొందల రూపాయలు పడుతుంది. అరవై పోయి ఆగిపోతే? ఒక్కోదాని మీద 667. సాఫ్ట్‌వేర్‌లో రెండో కాపీకి ఖర్చు లేదు కాబట్టి మన బుర్రకి ఇది తొందరగా తట్టదు. సిలికాన్ అచ్చు పాతిక ముప్ఫై బొమ్మలకే అంచుల దగ్గర చిరగడం మొదలవుతుంది, అంటే రెండొందలకి ఏడెనిమిది అచ్చులు. పైన రంగు వేసే మనిషి కూలి, పెట్టెలు, పార్సిల్లో విరిగేవి. పురావస్తు శాఖ అనుమతి అడగాలన్న సంగతి అసలు గుర్తే రాలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నంబరే. 37వ నంబరు విరిగితే ఇంకో 37 ఇవ్వగలమా? ఇస్తే మాట తప్పినట్టు, ఇవ్వకపోతే కస్టమర్ పోయినట్టు. పోనీ బాగా అమ్ముడైందనుకోండి, మళ్ళీ పోయకూడదు! నష్టమొస్తే మొత్తం మనది, లాభమొస్తే దానికో గీత మనమే గీసుకున్నాం.

బొమ్మలు పోగుచెయ్యడం మనకి కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో చూడండి. ఏటా ఒకటో రెండో కొత్తవి చేరతాయి. దశావతారాల్లో వామనుడు విరిగితే కొండపల్లి నుంచి ఇంకో వామనుడొస్తాడు. ఆ అమ్మకం తరాల తరబడి నడిచింది బొమ్మ అరుదని కాదు, మళ్ళీ దొరుకుతుందని. అమెరికాలో బీనీ బేబీస్ కథ దీనికి తిరగేసి. ఒక్కో రకం ఆపేస్తున్నామంటూ కంపెనీ గిరాకీ పెంచింది. 1990ల చివర్లో వాటిని పెట్టుబడి అనుకుని అటకలు నింపినవాళ్ళకి చివరికి బొమ్మలే మిగిలాయి.

మావాడికి ఒకటే చెప్పాను. "ముందు డబ్బు కట్టేవాళ్ళని నలభై మందిని చూపించు, తర్వాత అచ్చు పోయిద్దాం." నెల తిరిగేసరికి పదకొండు మంది తేలారు. అందులో ఏడుగురు మా టీమే. ప్లాటు డబ్బు బ్యాంకులోనే ఉంది. బొమ్మ మీద మోజు తీరని మావాడు మాచర్ల దగ్గర దుర్గి వెళ్ళి, అక్కడి శిల్పుల దగ్గర ఓ చిన్న రాతి బుద్ధుణ్ణి కొనుక్కొచ్చి డెస్కు మీద పెట్టుకున్నాడు. దానికి నంబరు లేదు. చూసినవాళ్ళంతా ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు.